పరుగెత్తితే పాలకు పడే ఖర్చు
వాహన వేగానికీ, ఇంధన వాడకానికీ గల సంబంధం – సంఘ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అంటారు. ఈ సామెతను మనం సాధారణంగా మనిషి ఆశను గురించి చెప్పుకొంటాం. కాని పాల సంఘాల వాహనాలకు కూడా ఇది అక్షరాలా వర్తిస్తుంది. పాలను పరుగులు పెట్టించి తీసుకుపోవడానికి అయ్యే ఖర్చు ఎక్కడి నుంచో రాదు. పాలు పోసిన రైతుకు ముట్టవలసిన ధరలో నుంచే అది పోతుంది.

పెదవేగి మండలంలోని విజయరాయి, కొప్పాక, జానంపేట వంటి మెట్ట గ్రామాలు కానివ్వండి, కొల్లేటి అంచున ఉన్న లంక గ్రామాలు కానివ్వండి, తాడేపల్లిగూడెం వైపు కాలువ గట్ల మీది ఊళ్ళు కానివ్వండి, పాలు శీతలీకరణ కేంద్రం చేరడానికి ఏదో ఒక వాహనం నడవవలసిందే. పాలవ్యాను, ఆటో, రెండువైపులా క్యాన్లు కట్టిన మోటారు సైకిలు, సంఘం పనిమీద అధ్యక్షులు, కార్యదర్శి ఎక్కి వెళ్ళే అద్దె కారు – ఇవన్నీ నూనె తాగే బండ్లే. పశువుకు ఏ దాణా ఎంత పెట్టాలో మనం లెక్క చూసుకొంటాం. ఈ బండ్లు తాగే నూనెకు మాత్రం లెక్క చూసుకొనే అలవాటు మనలో తక్కువ.

బండి తాగే నూనె అనేక విషయాలమీద ఆధారపడుతుంది. వాటిలో డ్రైవరు చేతిలో, ఆ మాటకొస్తే పాదం కింద, ఉన్నది వేగం. పైసా పెట్టుబడి లేకుండా మార్చుకోగలిగినది కూడా అదే. అందువల్ల ఈ సంచికలో వేగానికీ ఇంధనానికీ గల సంబంధాన్ని సభ్యులకు వివరించదలిచాము.

బండిని ఆపే శక్తులు

చదునైన రోడ్డుమీద ఒకే వేగంతో పోతున్న కారును ముఖ్యంగా రెండు శక్తులు వెనక్కు లాగుతుంటాయి. మొదటిది చక్రాల రాపిడి. టైరు రోడ్డుమీద నొక్కుకొని, మళ్ళీ లేస్తూ దొర్లుతుంది. ఈ నొక్కుడులో కొంత శక్తి వేడిగా మారి పోతుంది. టైరు వేడెక్కేది అందుకే. ఈ రాపిడి వేగంతో పెద్దగా మారదు. బండి బరువునుబట్టి, టైర్లలోని గాలినిబట్టి మారుతుంది.

రెండవది గాలి అడ్డు. ఇది వేగాన్నిబట్టి మారుతుంది, అదీ మామూలుగా కాదు. కొల్లేటిలో మోకాటిలోతు నీళ్ళలో నడిచిన వారికి ఈ సంగతి బోధపడుతుంది. మెల్లగా అడుగు వేస్తే నీరు తప్పుకొంటుంది. అదే నీటిలో పరుగెత్తబోతే కాళ్ళకు బరువు కట్టినట్లుంటుంది. గాలి కూడా నీరువంటిదే. పలుచన కాబట్టి మనం నడిచేటప్పుడు తెలియదు. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే కారుకు మాత్రం బాగా తెలుస్తుంది.

వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో గాలి అడ్డు ఒక వంతు అనుకొంటే, 60 కి.మీ. వద్ద అది రెండుంపావు వంతులు, 80 వద్ద నాలుగు వంతులు, 100 వద్ద ఆరుంపావు వంతులు, 120 వద్ద తొమ్మిది వంతులు. వేగం మూడింతలయితే అడ్డు తొమ్మిదింతలు.

ఒక సాధారణ కారును తీసుకొని లెక్క వేస్తే, 50 కి.మీ. వేగం వద్ద గాలి అడ్డుకంటే చక్రాల రాపిడే ఎక్కువ. 60 దాటిన తరువాత రెండూ సమానమై, 80 వద్దకు వచ్చేసరికి గాలిదే పైచేయి అవుతుంది. అక్కడినుంచి వేగం పెంచిన కొద్దీ పోసే నూనెలో ఎక్కువ భాగం గాలిని పక్కకు నెట్టడానికే పోతుంది.

ఎదురుగాలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డులో కొల్లేటి మీదుగా సాగే భాగంలో చెట్టూ చేమా అడ్డులేని బయలు ఉంటుంది. అక్కడ గంటకు 20 కి.మీ. ఎదురుగాలి వీస్తున్నప్పుడు 60 కి.మీ. వేగంతో పోయే బండికి తగిలే గాలి 80 కి.మీ. వేగానికి సమానం. అంటే గాలి అడ్డు ముప్పాతిక వంతుకు పైగా పెరుగుతుంది. బండి లాగడంలేదని అలాంటి చోట ఇంకా తొక్కడం నష్టం. పది కి.మీ. తగ్గించుకొని పోవడమే తెలివి.

మరీ మెల్లగా పోతే పొదుపా?

వేగం తగ్గినకొద్దీ నూనె ఆదా అయితే, ఎద్దుబండిలాగ నడిపితే ఇంకా మంచిది కదా అని కొందరు అడగవచ్చు. అలా కాదు.

ఇంజను తిరుగుతున్నంతసేపు తనను తాను తిప్పుకోవడానికే కొంత నూనె తాగుతుంది. పిస్టన్ల రాపిడి, నీటి పంపు, ఆయిలు పంపు, డైనమో – ఇవన్నీ బండి కదిలినా కదలకపోయినా పనిచేస్తూనే ఉంటాయి. బండి నిలబెట్టి ఇంజను వదిలేస్తే గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా ఖర్చవుతుంది. బండి గంటకు 20 కి.మీ. పోతే ఈ ఖర్చు 20 కి.మీ.కే పంచబడుతుంది. 60 కి.మీ. పోతే 60 కి.మీ.కు పంచబడుతుంది. పైగా తక్కువ వేగంలో రెండో గేరు, మూడో గేరు వేయవలసి వస్తుంది. చిన్న గేరులో అదే దూరానికి ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది.

కాబట్టి మరీ మెల్లగా పోయినా నష్టమే, మరీ వేగంగా పోయినా నష్టమే. మధ్యలో ఒక మేలైన వేగం ఉంటుంది. అది బండిబండికీ కొంత మారుతుంది. గుర్తుపట్టడానికి సులువైన సూత్రం ఒకటి ఉంది. పైగేరులో ఇంజను కొట్టుకోకుండా, ఆయాసపడకుండా, సాఫీగా లాగే వేగాలలో కింది వైపున ఉండేదే పొదుపైన వేగం.

పరీక్షలు ఏమి చెబుతున్నాయి?

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధంతో చమురు సంక్షోభం వచ్చింది. పీపా సుమారు 3 డాలర్లు ఉన్న ముడి చమురు కొద్ది నెలల్లోనే నాలుగింతల ధరకు చేరింది. ఆ దెబ్బకు అమెరికా దేశం 1974 జనవరిలో దేశమంతటా గంటకు 55 మైళ్ళు, అనగా సుమారు 88 కి.మీ. మించరాదని చట్టం చేసింది. 1987లో కొంత సడలించి, 1995లో ఆ పరిమితిని ఎత్తివేశారు. సంపన్న దేశం కూడా నూనె కరువు వచ్చినప్పుడు మొదట పట్టుకొన్నది వేగాన్నే.

మన దేశంలో పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం 1978లో ఏర్పడింది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ మన దేశపు కార్లమీద జరిపిన పరీక్షలను ఆధారం చేసుకొని ఈ సంఘం ఒక మాట ప్రచారం చేస్తూ వచ్చింది. గంటకు 80 కి.మీ.తో పోయేకంటే 45 నుంచి 55 కి.మీ. వేగంతో పోతే లీటరుకు 40 శాతం దాకా ఎక్కువ దూరం వస్తుందన్నది ఆ మాట. అది ప్రచారంలోకి వచ్చిన రోజుల్లో మన రోడ్లమీద అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు ఎక్కువ. వాటికి నాలుగే గేర్లు, ముఖం వెడల్పు. తరువాత వచ్చిన కార్లకు ఐదు, ఆరు గేర్లు ఉన్నాయి, గాలిని చీల్చే ఆకారం ఉంది. కాబట్టి కొత్త కార్లలో పొదుపైన వేగం కొంచెం పైకి జరిగి ఉండవచ్చు, నష్టం కొంత తగ్గి ఉండవచ్చు. కాని గాలి సూత్రం మాత్రం మారలేదు.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు 2013లో 74 వాహనాల మీద చేసిన పరిశీలనను ప్రకటించారు. సగటున గంటకు 50 మైళ్ళ నుంచి 60కి పెంచితే మైలేజీ సుమారు 12 శాతం, 60 నుంచి 70కి పెంచితే 14 శాతం, 70 నుంచి 80కి పెంచితే 15 శాతం పడిపోయింది. మన లెక్కలో ఈ వేగాలు 80, 96, 112, 128 కి.మీ.లు.

ఒక్కొక్క నిమిషం ధర ఎంత?

పై అంకెలను మన దారికి అన్వయించి చూద్దాం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కి.మీ. పోను రాను 100 కి.మీ. చెన్నై–కలకత్తా జాతీయ రహదారి మీద భీమడోలు, ఉంగుటూరు మీదుగా పోవాలి. సంఘం పనిమీద పోయే అద్దె కారు 80 కి.మీ. వేగంలో లీటరుకు 20 కి.మీ. ఇస్తుందనీ, నూనె లీటరు 100 రూపాయలనీ లెక్కకోసం అనుకొందాం. దారిలో ఆగకుండా ఒకే వేగంతో పోయినట్లు కూడా అనుకొందాం.

80 కి.మీ. వేగంతో పోతే నూనె 5 లీటర్లు, ప్రయాణం 75 నిమిషాలు.

96 కి.మీ. వేగంతో పోతే నూనె 5.7 లీటర్లు, ప్రయాణం 62 నిమిషాలన్నర. పన్నెండు నిమిషాలన్నర మిగిలింది, 70 రూపాయలు పోయాయి. నిమిషానికి ఐదు రూపాయల పైన పడింది.

112 కి.మీ. వేగంతో పోతే నూనె 6.6 లీటర్లు, ప్రయాణం సుమారు 54 నిమిషాలు. ఇంకో 9 నిమిషాలు మిగిలాయి, వాటికి మరో 90 రూపాయల పైన పోయాయి. నిమిషం పది రూపాయలు.

128 కి.మీ. వేగంతో పోతే నూనె 7.8 లీటర్లు, ప్రయాణం 47 నిమిషాలు. ఈసారి మిగిలినవి 7 నిమిషాల లోపే, పోయినది 120 రూపాయలు. నిమిషం సుమారు పద్దెనిమిది రూపాయలు.

ఇక్కడ సభ్యులు ఒక విషయం గమనించాలి. వేగం పెంచినకొద్దీ మిగిలే నిమిషాలు తగ్గిపోతున్నాయి, ఒక్కొక్క నిమిషం ధర పెరిగిపోతున్నది. మొదట ఐదు రూపాయలకు దొరికిన నిమిషం చివరకు పద్దెనిమిది రూపాయలయింది. ఇంత పోసి కొన్న నిమిషాలు కూడా ఒక రైల్వే గేటు దగ్గరో, ఊరి మొగదల లారీల వరుసలోనో పోవచ్చు. పైగా చివరి రెండు వేగాలూ చట్టానికి విరుద్ధం. 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ పరిమితి ప్రకారం మధ్యలో విభజన ఉన్న నాలుగు వరుసల రహదారిమీద కార్లకు 100 కి.మీ., సరుకు వాహనాలకు 80 కి.మీ. మించరాదు. ఊళ్ళ దగ్గర బోర్డుమీద అంతకంటే తక్కువ రాసి ఉంటే ఆ బోర్డే చట్టం.

పాలవ్యాను లెక్క వేరు

జాతీయ రహదారి మీది కారుకు గాలి శత్రువు. పల్లె రోడ్ల మీది పాలవ్యానుకు అంతకంటే పెద్ద శత్రువు బ్రేకు. ఈ మాట వింతగా తోచవచ్చు, కాని లెక్క చూస్తే తెలుస్తుంది.

బండికి వేగం ఎక్కించడానికి నూనె ఖర్చవుతుంది. ఆ శక్తి బండిలో నిలవ ఉంటుంది. బ్రేకు వేయగానే అదంతా బ్రేకు లైనింగులో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ వేగం అందుకోవాలంటే మళ్ళీ నూనె పోయాలి. ఈ శక్తి కూడా వేగానికి వర్గంలో పెరుగుతుంది. 50 కి.మీ. వద్ద ఉన్న శక్తికంటే 70 కి.మీ. వద్ద ఉన్న శక్తి దాదాపు రెండింతలు.

ఒక చిన్న వ్యాను, క్యాన్లు, పాలు అన్నీ కలిపి 1500 కిలోల బరువు అనుకొందాం. లీటరు డీజిలులో సుమారు 36 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. అందులో మూడో వంతుకు తక్కువే చక్రాల దాకా చేరుతుంది. ఈ లెక్కన బండిని నిలకడనుంచి 50 కి.మీ. వేగానికి తేవడానికి సుమారు 14 మి.లీ. డీజిలు, 70 కి.మీ. వేగానికి తేవడానికి సుమారు 28 మి.లీ. కావాలి. చూడడానికి ఉగ్గుగిన్నెడు కూడా లేదు. కాని పాల రూటులో పది కేంద్రాల దగ్గర ఆగాలి. మధ్యలో స్పీడు బ్రేకర్లు, మలుపులు, అడ్డం వచ్చే గేదెలు కలిపి ఇంకో పది చోట్ల ఆగవలసి వస్తుందనుకొందాం. మొత్తం ఇరవై సార్లు. ప్రతిసారీ 70 దాకా లేపి బ్రేకు కొట్టే డ్రైవరుకూ, 50 దగ్గర నిలబెట్టుకొనే డ్రైవరుకూ తేడా రూటుకు పావు లీటరు పైన. ఉదయం, సాయంత్రం కలిపి అర లీటరు పైన. సంవత్సరానికి సుమారు 200 లీటర్లు. లీటరు వంద రూపాయల చొప్పున ఇరవై వేల రూపాయలు.

రోజుకు పూటకు 600 లీటర్ల పాలు మోసే రూటయితే ఇది పాల లీటరుకు సుమారు ఐదు పైసలు. ఐదు పైసలేకదా అని తీసిపారేయవచ్చు. కాని సంఘం దగ్గర ఒక్కసారిగా ఇరవై వేలు ఉంటే ఎంతమంది సభ్యుల పశువులకు ఖనిజ లవణ మిశ్రమం వస్తుందో, ఎన్ని దూడలకు నట్టల మందు తాగించవచ్చో లెక్క వేసి చూడండి. బ్రేకు లైనింగు, క్లచ్చి ప్లేటు, టైర్ల అరుగుదల ఈ లెక్కలో మేము కలపలేదు.

పాలు విరిగిపోవా?

డ్రైవరును వేగం తగ్గించమంటే వచ్చే మొదటి సమాధానం ఇదే. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఆలస్యం అమృతం విషం అన్న మాట పాల విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. పితికిన పాలను మూడు నాలుగు గంటలలోగా చల్లబరచాలి. మే నెలలో మన ప్రాంతపు ఎండలో అంత గడువు కూడా ఉండకపోవచ్చు. పాలు పుల్లబడి ఒక క్యాను వెనక్కు వస్తే 40 లీటర్ల పాలు పోయినట్లే. ఆ నష్టం ముందు పావు లీటరు డీజిలు లెక్కలోకి రాదు.

అందుకని సమయం ఎక్కడ పోతున్నదో ముందు చూడాలి. రూటు మొత్తం 30 కి.మీ. అనుకొందాం. 50 కి.మీ. వేగంతో పోతే బండి నడిచే సమయం 36 నిమిషాలు. 70 కి.మీ. వేగంతో పోతే 26 నిమిషాలు. కాగితం మీద మిగిలేది పది నిమిషాలు. పల్లె రోడ్లమీద అన్నిసార్లు ఆగే బండి ఆ 70 కి.మీ. వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకోలేదు కనుక నిజంగా మిగిలేది ఇంకా తక్కువ.

ఇప్పుడు కేంద్రాల దగ్గరకు రండి. పది కేంద్రాలలో ఒక్కొక్కచోట బండి ఐదు నిమిషాలు ఆగితే యాభై నిమిషాలు. అంటే బండి నడిచే సమయంకంటే నిలబడే సమయమే ఎక్కువ. వ్యాను వచ్చేసరికి క్యాన్లకు మూతలు బిగించి, చీటీ రాసి, రోడ్డు పక్కన వరుసగా పెట్టి ఉంచితే ఒక్కొక్కచోట ఒక నిమిషం సులువుగా తగ్గుతుంది. పది కేంద్రాలకు పది నిమిషాలు. డ్రైవరు ప్రాణాలకు తెగించి సంపాదించే పది నిమిషాలు ఇవే. ఇవి నూనె ఖర్చు లేకుండా, ప్రమాదం లేకుండా మనకు దొరుకుతాయి.

కాబట్టి వేగం డ్రైవరు ఒక్కడి తప్పు కాదు. గంట కొట్టిన తరువాత అరగంటకు పాలు తెచ్చి, ఇంకొక్క బిందె ఉంది ఆగమనే సభ్యుడు కూడా ఆ వేగంలో భాగస్వామే. ఒక ఊళ్ళో పోయిన పది నిమిషాలను డ్రైవరు తరువాతి ఊళ్ళ మధ్య రోడ్డుమీద వెతుక్కొంటాడు.

వేగంతో పాలకు ఇంకో నష్టం కూడా ఉంది. క్యాను నిండా పాలు లేకపోతే కుదుపులకు పాలు చిలకబడతాయి. వెన్న పూసలుగా తేలి మూతకు, అంచులకు అంటుకొంటుంది. అప్పుడు తీసిన శాంపిలులో వెన్న శాతం సరిగా రాదు. సంఘంలో వచ్చిన అంకెకూ, కేంద్రంలో వచ్చిన అంకెకూ తేడా వచ్చినప్పుడు మనం టెస్టరును అనుమానిస్తాం. గుంతల రోడ్డుమీద సగం క్యాన్లతో పరుగెత్తిన బండిని కూడా అనుమానించాలి.

ఆగడానికి పట్టే దూరం

నూనె సంగతి అలా ఉంచి ప్రాణం సంగతి చూద్దాం. ఎదురుగా గేదె కనబడిన క్షణం నుంచి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, 50 కి.మీ. వేగంలో ఆ సెకనులోనే బండి 14 మీటర్లు పోతుంది. పొడి రోడ్డుమీద మంచి బ్రేకులతో ఇంకో 16 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 30 మీటర్లు. అదే 80 కి.మీ. వేగమయితే మొత్తం 60 మీటర్లు దాటుతుంది. రోడ్డు తడిగా ఉంటే, టైర్లు అరిగి ఉంటే ఇంకా ఎక్కువ.

సాయంత్రం పాల వేళకే మన పశువులు మేత నుంచి ఇళ్ళకు వస్తాయి. పామాయిలు గెలల ట్రాక్టర్లు, చేపల లారీలు, బడి విడిచిన పిల్లలు అదే రోడ్డుమీద ఉంటారు. మన పాలబండి కింద మన సభ్యుడి గేదె పడితే, ఏ లెక్కలోనూ ఆ నష్టం పూడదు. నూనె ఆదా చేసే వేగమే పశువునూ, మనిషినీ కాపాడే వేగం కావడం మన అదృష్టం.

ఏమి చేయాలి?

డ్రైవర్లు, సంఘ పాలకవర్గాలు పాటించదగిన కొన్ని పద్ధతులను కింద ఇస్తున్నాము.

1. పల్లె రోడ్లమీద పాలవ్యాను 40–50 కి.మీ. మధ్య, జాతీయ రహదారి మీద అద్దె కారు 60–80 కి.మీ. మధ్య నడిపేటట్లు చూడాలి. ఒకే వేగం నిలబెట్టడం ముఖ్యం. తొక్కడం, వదలడం, మళ్ళీ తొక్కడం వల్ల నూనె ఎక్కువ పోతుంది.

2. ఆగవలసిన చోటు దూరంనుంచే చూసి యాక్సిలరేటరు మీదినుంచి కాలు ముందుగానే తీయాలి. బండి గేరులోనే ఉండాలి. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తే నూనె సరఫరా పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను తిరగడానికి నూనె తాగుతూనే ఉంటుంది. పల్లంలో న్యూట్రల్ చేస్తే పొదుపు అన్నది కొత్త బండ్ల విషయంలో నిజం కాదు. పైగా ప్రమాదకరం.

3. వీలయినంత త్వరగా పైగేరుకు మారాలి. ఇంజను కొట్టుకొంటుంటే మాత్రం వెంటనే గేరు తగ్గించాలి.

4. కేంద్రం దగ్గర క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలి. పది చోట్ల ఐదేసి నిమిషాలు ఊరికే తిరిగితే దాదాపు గంటసేపు తిరిగినట్లే. రూటుకు అర లీటరుకు తక్కువ కాకుండా పోవచ్చు.

5. టైర్లలో గాలి వారానికి ఒకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. గాలి తగ్గితే చక్రాల రాపిడి పెరుగుతుంది. అప్పుడు ఏ వేగంలో పోయినా నష్టమే.

6. కారు పైన పనిలేని క్యారియరు ఉంటే తీసివేయాలి. మోటారు సైకిలుకు వెడల్పుగా కట్టిన క్యాన్లు కూడా గాలికి తెరచాపలవంటివే. అలాంటి బండికి 40 కి.మీ. దాటకపోవడం పొదుపుకూ, అదుపుకూ మంచిది.

7. ప్రతి బండికీ ఒక లాగ్ పుస్తకం ఉండాలి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాయాలి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కి.మీ. తిరిగిందో రాసి భాగిస్తే మైలేజీ వస్తుంది. రెండు వారాలు మామూలుగా, రెండు వారాలు వేగం తగ్గించి నడిపి చూడండి. మా మాటకంటే మీ పుస్తకమే మంచి సాక్ష్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. పాత పుస్తకాలతో పోల్చేటప్పుడు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నదని గుర్తుంచుకోవాలి. పెట్రోలులో ఉండే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే ఇథనాల్‌లో ఉంటుంది. కాబట్టి పెట్రోలు బండ్ల మైలేజీ కొంత తగ్గడం సహజం. దానికి డ్రైవరును నిందించరాదు. డీజిలు బండ్లకు ఇది వర్తించదు.

విద్యుత్ బండ్లు కొన్న వారికి కూడా ఈ గాలి లెక్క తప్పదు. అవి బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత వెనక్కు తెచ్చుకొంటాయి. కాని గాలిని నెట్టడానికి పోయిన శక్తి ఏ బండికీ తిరిగి రాదు. వేగం పెరిగితే ఛార్జి తొందరగా అయిపోతుంది.

సంఘాలకు మా సూచన

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాలనుంచే వస్తున్నది. దాని ధర నిర్ణయించడం మన చేతిలో లేదు. పాల ధర పెంచమని మనం అడుగుతాం, అడగవలసిందే. కాని ధర పెరిగేదాకా ఎదురు చూడకుండా ఈ రోజునుంచే మిగుల్చుకోగలిగినది కొంత మన రోడ్లమీదనే ఉంది.

రాబోయే పాలకవర్గ సమావేశంలో ప్రతి సంఘమూ మూడు విషయాలు చర్చించవలసిందిగా కోరుతున్నాము. మొదటిది, పాలు పోసే సమయం. గంట కొట్టిన వేళకే పాలు పోయడం, వ్యాను వచ్చేసరికి క్యాన్లు సిద్ధంగా ఉండడం అనే నియమాన్ని సభ్యులందరూ ఒప్పుకోవాలి. రెండవది, రూటు సమయపట్టిక. పట్టికలో ఇచ్చిన వేళలు 70 కి.మీ. వేగంతో పోతేగాని అందనివిగా ఉంటే ఆ పట్టికనే మార్చాలి. డ్రైవరుకు అసాధ్యమైన వేళ ఇచ్చి, మెల్లగా పొమ్మని చెప్పడం న్యాయం కాదు. మూడవది, లాగ్ పుస్తకం. మైలేజీ మెరుగుపరచిన డ్రైవరుకు ఆదా అయిన సొమ్ములో కొంత బహుమానంగా ఇవ్వడం ధర్మం. పొదుపు చేసిన వాడికి పొదుపులో వాటా ఉంటే ఆ పొదుపు నిలుస్తుంది.

పాలు తొందరగా చేరాలి. అయితే ఆ తొందర పశువు దగ్గర, పాల కేంద్రం దగ్గర చూపించాలి. రోడ్డుమీద నిదానమే ప్రధానం. ఈ రెండింటినీ వాటివాటి చోట ఉంచుకొన్న సంఘానికి పాలూ దక్కుతాయి, పైసలూ దక్కుతాయి.